దెబ్బకు పలికిన లోహం

మన పాఠశాల డెబ్బది అయిదవ ఏటి పండుగకు ఒక లోహం పేరు వచ్చింది. రజతోత్సవం, స్వర్ణోత్సవం, ఇప్పుడు ప్లాటినం. విలువకు ప్రమాణంగా మనిషి ఎప్పుడూ తుప్పు పట్టని, మెరుపు తగ్గని లోహాలనే ఎన్నుకొన్నాడు. అయితే ఈ సంచికలో నేను చరిత్ర చెప్పదలచిన లోహం అంత కులీనమైనది కాదు. సగం నికెల్, సగం టైటానియం. దానికి ఆభరణశాలలో చోటు లేదు. దాని గొప్పతనమంతా దెబ్బ తిని మళ్ళీ మొదటి రూపానికి రావడంలో ఉన్నది. దానిని గూర్చి లోకంలో ప్రచారంలో ఉన్న కథ ఒకటి. అంతకు ముందే జరిగి మరుగున పడిన కథ మరొకటి. ఆ రెండవదానిని ముందుకు తీసుకురావడమే ఈ వ్యాసోద్దేశం.

తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం చదివినవారికి ప్రతిబలం, వికృతి అనే రెండు మాటలు గుర్తుండే ఉంటాయి. వస్తువు మీద చదరపు సెంటీమీటరుకు ఎంత బలం పడుతున్నదో చెప్పేది ప్రతిబలం. దాని వలన వస్తువు తన పొడవులో ఎంత వంతు సాగిందో, కుదించుకొన్నదో చెప్పేది వికృతి. తెలుగు వ్యాకరణంలోనూ ప్రకృతి, వికృతి అనే జంట ఉన్నది. ఒకసారి వికృతిగా మారిన మాట తిరిగి ప్రకృతికి పోదు. సామాన్య లోహాల ధర్మమూ అంతే. ఉక్కు తీగను దాని పొడవులో ఒక శాతం సాగదీస్తే, వదిలిన తరువాత చాలా భాగం సాగిన సాగుగానే ఉండిపోతుంది. నికెల్-టైటానియం తీగను ఎనిమిది శాతం వరకు సాగదీసి వదిలినా అది దాదాపు పూర్తిగా వెనుకకు వస్తుంది. దీనినే అతిస్థితిస్థాపకత అంటారు. వంచిన తీగ చల్లగా ఉన్నప్పుడు వంగినట్లే ఉండి, వేడి చేయగానే పూర్వరూపం పొందడాన్ని రూపస్మృతి అంటారు. రెండింటికీ మూలం ఒక్కటే. స్ఫటికంలోని పరమాణువులు ఆస్టెనైట్ అనే అమరికనుండి మార్టెన్‌సైట్ అనే మరొక అమరికకు, ఒక్కొక్కటిగా కాక కవాతులో సైనికుల వలె కలసికట్టుగా జరుగుతాయి. అదే క్రమంలో వెనుకకూ రాగలవు.

ఈ గుణం నికెల్-టైటానియంతో పుట్టలేదు. 1932లో స్వీడన్ దేశీయుడు ఆర్నె ఓలాండర్ బంగారం-కాడ్మియం మిశ్రమం రబ్బరు వలె ప్రవర్తించడం గమనించాడు. 1938లో గ్రెనింజర్, మూరాడియన్ అనే ఇద్దరు రాగి-జింకు మిశ్రమంలో ఇటువంటి మార్పునే చూశారు. 1949లో సోవియట్ శాస్త్రజ్ఞులు కుర్జుమోవ్, ఖాండ్రోస్ దీనికి స్ఫటికశాస్త్ర పరమైన వివరణ ఇచ్చారు. 1951లో చాంగ్, రీడ్ అనేవారు బంగారం-కాడ్మియంలో ఆ మార్పు కంటికి కనబడేటట్లు చూపారు. బంగారం ఖరీదు, కాడ్మియం విషం. అందుచేత ఇవన్నీ విద్వాంసుల బల్లల మీదనే ఉండిపోయాయి.

ఇక కథ అమెరికాలో, వాషింగ్టన్ నగరానికి చేరువనున్న వైట్ ఓక్ అనే చోటికి మారుతుంది. అక్కడ ఆ దేశపు నావికాదళ ఆయుధ ప్రయోగశాల ఉండేది. 1950ల చివరి సంవత్సరాలలో పొలారిస్ క్షిపణి తయారవుతున్నది. ఆకాశం నుండి వాతావరణంలోకి తిరిగి ప్రవేశించేటప్పుడు దాని ముక్కుభాగం తీవ్రమైన వేడికీ, తాకిడికీ గురి అవుతుంది. అందుకు తగిన లోహం వెదికే పని విలియం బ్యూలర్ అనే లోహశాస్త్రజ్ఞుని మీద పడింది. 1958లో వెలువడిన హాన్సెన్ గ్రంథంలో జంట మిశ్రమాల పటాలన్నీ కూర్చి ఉన్నాయి. బ్యూలర్ దానిని ముందు పెట్టుకొని సుమారు అరవై సమ్మేళనాలను ఏరి, వాటిని పన్నెండుకు తగ్గించాడు. ఆ పన్నెండింటినీ పరీక్షించిన పద్ధతి గమనించదగినది. సుత్తితో కొట్టి చూశాడు. తక్కినవాటి కంటె దెబ్బకు బాగా తాళినది నికెల్-టైటానియం. అంటే ఈ లోహం ఎన్నిక కావడానికి కారణం స్మృతి కాదు, అభిఘాతానికి ఓర్చుకొనే శక్తి. దీనికి నిటినాల్ అనే పేరు పెట్టినవాడు కూడ బ్యూలరే. నికెల్, టైటానియం, ఆ ప్రయోగశాల పేరులోని మొదటి అక్షరాలు కలిపి ఆ పేరు కట్టాడు.

1959లో జరిగిన రెండవ సంఘటన మరీ విచిత్రమైనది. విద్యుత్ చాపపు కొలిమిలో కరిగించి పోసిన కడ్డీలు కొన్ని బల్ల మీద చల్లారుతున్నాయి. బాగా చల్లారిన కడ్డీ ఒకటి కాంక్రీటు నేల మీద పడి, సీసపు ముక్క పడినట్లు మొద్దు చప్పుడు చేసింది. లోపల పగుళ్ళు ఏర్పడి ఉంటాయని బ్యూలర్ శంకించాడు. ఇంకా వెచ్చగా ఉన్న మరొక కడ్డీని జారవిడిచి చూస్తే అది గంట వలె ఖంగుమన్నది. మూగబోయిన కడ్డీని మరిగే నీటిలో వేడిచేసి మళ్ళీ విడిస్తే అదీ మ్రోగింది. కంచు మ్రోతనూ బంగారపు మౌనాన్నీ పోల్చిన వేమన పద్యం ఎరుగని తెలుగువాడు ఉండడు. ఇక్కడ కంచు, కనకం రెండూ ఒకే కడ్డీలో ఉన్నాయి. వాటి మధ్య అంతరం కొన్ని పదుల డిగ్రీల వేడి మాత్రమే. వెచ్చని ఆస్టెనైట్‌లో కంపనశక్తి త్వరగా నశించదు గనుక నాదం నిలుస్తుంది. చల్లని మార్టెన్‌సైట్‌లో స్ఫటికం సన్నని జంట పొరలుగా ఉంటుంది. ఆ పొరల సరిహద్దులు అటూ ఇటూ కదిలి కంపనాన్ని మింగివేస్తాయి. బళ్ళలో గంటకు బదులుగా రైలుపట్టా ముక్కను వ్రేలాడదీసే వాడుక ఉన్నది కదా. ఆ ముక్క నిటినాల్‌దైతే చలికాలపు ఉదయాన బడి ఆలస్యంగా మొదలయ్యేదేమో!

పరిహాసానికేమి గాని, ఆ చప్పుడులో ఉన్న అర్థం బ్యూలర్‌కు వెంటనే తట్టింది. మామూలు ఉష్ణోగ్రతకు సమీపంలోనే ఈ లోహపు పరమాణు కట్టడంలో పెద్ద మార్పు జరుగుతున్నదని ఆయన గ్రహించాడు. దెబ్బే ఆయనకు సూక్ష్మదర్శిని అయినది.

లోకంలో ప్రచారమైన కథ ఆ తరువాతిది. 1961లో ప్రయోగశాల అధికారుల సమావేశానికి బ్యూలర్ వెళ్ళలేక తన సహచరుడు రేమండ్ వైలీని పంపాడు. ఎన్నిసార్లు వంచినా విరగదని చూపడానికి, మడతలు మడతలుగా వంచిన సన్నని రేకు చేతులు మారుతున్నది. డేవిడ్ మజ్జీ అనే అధికారి పొగగొట్టం త్రాగేవాడు. తన లైటరు మంటను ఆ రేకుకు చూపాడు. మడతలన్నీ విప్పుకొని రేకు నిటారుగా నిలిచింది. సభ నివ్వెరపోయింది. 1962లో ఫ్రెడరిక్ వాంగ్ అనే స్ఫటిక భౌతికశాస్త్రజ్ఞుడు వచ్చి చేరి ఈ చోద్యానికి కారణం వెదకసాగాడు. 1963లో బ్యూలర్, గిల్‌ఫ్రిచ్, వైలీ ముగ్గురూ ప్రకటించిన పరిశోధన పత్రం శీర్షికలో ఉన్నది యాంత్రిక ధర్మాల మాటే. కాని అప్పటికే జనం మనస్సులో లైటరు మంట ముద్ర పడిపోయింది. సుత్తి, కాంక్రీటు నేల పాదసూచికలకు దిగిపోయాయి. ఇది కేవలం కథకుల పొరపాటని నేను అనుకోను. వేడి చేస్తే లేచి నిలిచే లోహం చూడముచ్చటైనది. కొడితే ఏమయ్యేదీ కొలవడానికి అప్పుడు సాధనమూ అరుదు, అడిగేవారూ అరుదు.

తరువాతి ముప్పది ఏండ్లూ మెల్లని పనుల కాలం. 1970 ప్రాంతంలో రేకెమ్ సంస్థ ఎఫ్-14 యుద్ధవిమానపు ద్రవపీడన గొట్టాలను కలిపే ఉంగరాలను ఈ మిశ్రమంతో చేసింది. ద్రవ నత్రజనిలో చల్లబరచి వెడల్పు చేసి తొడిగితే, వెచ్చబడగానే అవి బిగుసుకొంటాయి. మన దేశంలోనూ, బెంగళూరులో రూపుదిద్దుకొన్న తేజస్ విమానం కొరకు భాభా అణు పరిశోధన కేంద్రం వారు నికెల్-టైటానియం-ఇనుము మిశ్రమంతో ఇటువంటి ఉంగరాలను తయారు చేశారు. 1970లలో అయోవా విశ్వవిద్యాలయపు జార్జ్ ఆండ్రీసెన్ పలువరుస సరిచేసే తీగలుగా నిటినాల్‌ను వాడాడు. రక్తనాళాలలో అమర్చే జాలీ గొట్టాలు, వంచినా విరగని కళ్ళజోడు చట్రాలు అటుపిమ్మట వచ్చాయి. వైట్ ఓక్‌లోని నావికాదళ కేంద్రం 1997లో మూతపడింది. ఆ స్థలంలో నేడు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది. నిటినాల్ జాలీలను పరీక్షించి అనుమతించేది ఆ సంస్థే కావడం చరిత్ర చేసే చిలిపిపని. ఈ వాడుకలన్నింటిలోనూ లోహం మీద పడే భారం నెమ్మదిగా పడేదే.

దెబ్బను కొలిచే విద్యకు ఇంకా పాత చరిత్ర ఉన్నది. 1872లో ఇంగ్లండులో జాన్ హాప్‌కిన్‌సన్ ఇనుప తీగను పైన బిగించి, దాని వెంబడి బరువును జారవిడిచి, క్రింది చివరను తాకేటట్లు చేశాడు. తీగ తెగడం బరువు ఎంత అన్నదాని కంటె అది ఎంత ఎత్తు నుండి పడిందన్న దాని మీదనే ఎక్కువగా ఆధారపడినది. దెబ్బ అంటే బలం మాత్రమే కాదు, తీగలో పరుగెత్తే తరంగం అని ఆ ప్రయోగం చెప్పింది. ఆయన కుమారుడు, కేంబ్రిడ్జి ఆచార్యుడు బెర్‌ట్రామ్ హాప్‌కిన్‌సన్ 1914లో పొడవైన ఉక్కు కడ్డీతో తూటా తాకిడినీ, ప్రేలుడు పీడనాన్నీ కొలిచాడు. ఇద్దరి చావులూ దెబ్బతోనే వచ్చాయి: తండ్రి 1898లో ఆల్ప్స్ పర్వతాల మీద పడి మరణించాడు, కుమారుడు 1918లో విమాన ప్రమాదంలో పోయాడు. 1949లో హెర్బర్ట్ కోల్‌స్కీ ఆ కడ్డీని రెండుగా చేసి మధ్యలో పరీక్షించవలసిన నమూనాను ఉంచాడు. ఒక కడ్డీలో పంపిన తరంగంలో కొంత వెనుకకు తిరుగుతుంది, కొంత నమూనా గుండా రెండవ కడ్డీలోకి పోతుంది. ఆ రెండింటినీ కొలిస్తే నమూనా పడిన బాధ అంతా లెక్కకు వస్తుంది. నేటికీ ఇదే పద్ధతి.

ఈ కొలతలో కాలం ఎంత చిన్నదో పాఠకులు ఊహించాలి. నిటినాల్ పూర్తిగా పొందగల ఎనిమిది శాతం వికృతిని సెకనుకు వేయి వంతుల రేటున కలిగిస్తే, పని సెకనులో లక్షవ వంతులు ఎనిమిదింటిలో ముగిసిపోతుంది. రెప్పపాటు అంటే దాని ముందు యుగం.

ఈ రెండు చరిత్రలూ కలుసుకోవడానికి 1990లు రావలసి వచ్చింది. అంత ఆలస్యానికి ఒక న్యాయమైన కారణం కనబడుతుంది. సామాన్య లోహాన్ని కొట్టినప్పుడు అది ఎంత నలిగిందో తెలిస్తే చాలు. అతిస్థితిస్థాపక లోహం విషయంలో అది సగం కథ మాత్రమే; ఎట్లా తిరిగి వచ్చిందన్నదే మిగిలిన సగం. కోల్‌స్కీ కడ్డీ పోవడాన్ని కొలిచినంత చక్కగా రావడాన్ని కొలవదు. దెబ్బ ఆగిన తరువాత నమూనా తన ఇష్టం వచ్చినట్లు విడివడుతుంది. 1993లో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ఎస్కోబార్, క్లిఫ్టన్ అనేవారు రాగి-అల్యూమినియం-నికెల్ స్ఫటికం మీదికి పలకను ప్రయోగించి, తాకిడివలన స్ఫటికం రూపం మారే తీరును పరిశీలించారు. 1999లో మార్టెన్‌సైట్ స్థితిలోని నిటినాల్‌ను వేగంగా నొక్కిన ఫలితాలు వెలువడ్డాయి. ఆ బృందంలోని కె.టి. రమేశ్ బెంగళూరు విశ్వవిద్యాలయపు పట్టభద్రుడు. 2001లో వైనాంగ్ చెన్, ఆయన సహచరులు తరంగపు ఆకారాన్ని తమకు కావలసినట్లు మలచి, నొక్కడాన్నే కాక విడవడాన్ని కూడ అదుపులో ఉంచి, సెకనుకు 750 వంతుల రేటు వరకు నిటినాల్ వెళ్ళిరావడాలను రెండింటినీ గీసి చూపారు. నా దృష్టిలో ఈ చరిత్రలో ఇది ముఖ్యమైన మలుపు. లోహం అంత వేగంలోనూ తిరిగి వచ్చింది. కాని పోయే దారి ఏటవాలు పెరిగింది, కావలసిన ప్రతిబలం హెచ్చింది.

ఎందుకు హెచ్చినది? ఇక్కడ అసలు రహస్యం ఉన్నది. నీరు మంచుగా మారేటప్పుడు గుప్తోష్ణం వెలువడినట్లే, ఆస్టెనైట్ మార్టెన్‌సైట్‌గా మారేటప్పుడు వేడి వెలువడుతుంది. 1995లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ షా, స్టెలియోస్ కిరియాకిడీస్ నిటినాల్ తీగను నీటిలోనూ గాలిలోనూ సాగదీసి దీనిని నిశితంగా పరిశీలించారు. నెమ్మదిగా సాగదీస్తే ఆ వేడి చుట్టుప్రక్కలకు జారిపోతుంది. త్వరగా సాగదీస్తే పోవడానికి వ్యవధి లేదు; తీగ తనను తానే వేడి చేసుకొంటుంది. వెచ్చబడిన ఆస్టెనైట్ మారడానికి మరింత మొండికేస్తుంది. ఒక్కొక్క డిగ్రీకి ప్రతిబలం సుమారు 6, 7 మెగాపాస్కల్‌లు పెరగవలసి ఉంటుంది. వేడి బయటకు పోకపోతే ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైగా ఎక్కుతుంది. గుణించి చూస్తే నూరు మెగాపాస్కల్‌లకు మించిన తేడా. మామూలు గది వేడిలో ఈ మార్పు మొదలయ్యేది సుమారు 400, 500 మెగాపాస్కల్‌ల వద్ద గనుక ఇది ఉపేక్షించదగిన అంతరం కాదు. కడ్డీ చప్పుడును మార్చినదీ ఉష్ణోగ్రతే, దెబ్బకు దాని బిగువును మార్చినదీ ఉష్ణోగ్రతే. 1959లో నేల మీద వినబడిన పాఠం ఇదే. దానిని అంకెలలోకి మార్చడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది.

అయితే ప్రతి వేగాన్నీ వేడితోనే వివరించలేము. 2005లో కాలిఫోర్నియాలో సియా నెమత్-నాసర్ బృందం చిన్న కడ్డీలతో సెకనుకు పదివేల వంతుల ప్రాంతానికి చేరింది. ఆ స్థాయిలో లోహం రూపపరివర్తనకు పూనుకొనే లోపలే, సామాన్య లోహాల వలె పొరలు పొరలుగా జారిపోవడం మొదలుపెడుతుంది. ఆ జారుడు తిరిగి రాదు. 2006లో టెక్సాస్‌లోనే నీమ్‌చురా, రవిచందర్ చేసిన ప్రయోగాలలో తీగ వెంట రూపం మారుతూ సాగే సరిహద్దు, ధ్వనితరంగం కంటె ఎంతో నెమ్మదిగా నడుస్తుందని తేలింది. దెబ్బ వార్త ముందు పోతుంది, లోహపు ప్రతిక్రియ వెనుక వస్తుంది. వార్తకూ ప్రతిక్రియకూ మధ్య దూరం మరీ పెరిగితే స్మృతి పనికిరాదు.

ఇదంతా పండితుల వాదమని ఇంజనీర్లు త్రోసిపుచ్చడానికి వీలులేదు. నిటినాల్‌ను సాగదీసిన దారీ, వదిలిన దారీ ఒకటి కావు. ఆ రెండింటి మధ్య వైశాల్యమంత శక్తి వేడిగా మారిపోతుంది. దీనిని శైథిల్యం అంటారు. కంపాన్ని మింగే సాధనాలకు ఆధారం ఆ వైశాల్యమే. నెమ్మదిగా కొలిచి పట్టికలో వేసిన అంకెను వేగంగా జరిగే పనికి వాడితే లెక్క తప్పుతుంది. వేగం పెరిగేకొద్దీ వైశాల్యం పెరుగుతుందనుకోవడమూ తప్పే, తగ్గుతుందనుకోవడమూ తప్పే. హాంకాంగ్‌లో హె, సన్ అనే పరిశోధకులు 2011 ప్రాంతంలో చూపినట్లు అది మొదట పెరిగి, వేడి జారిపోవడానికి పట్టే కాలమూ సాగదీసే కాలమూ సమానమయ్యే చోట శిఖరాన్ని అందుకొని, తరువాత తగ్గుతుంది. ఆ శిఖరం తీగ మందాన్ని బట్టి, చుట్టూ ఉన్నది గాలియా నీరా అన్నదాన్ని బట్టి మారుతుంది. కాబట్టి నిటినాల్ ఇంత దెబ్బను మింగుతుందని ఒక్క అంకెలో చెప్పే ప్రకటనను నమ్మరాదని నా అభిప్రాయం.

భూకంపాల విషయంలో లోహానికి తగిన పని దొరికింది. ఇటలీలో 1996 అక్టోబరులో వచ్చిన భూకంపానికి త్రిన్యానో గ్రామంలోని సాన్ జార్జో చర్చి గంటల గోపురం దెబ్బతిన్నది. దానిని బాగుచేసినప్పుడు లోపల నిలువునా ఉక్కు కడ్డీలు బిగించి, వాటి మధ్య నిటినాల్ తీగల సాధనాలు అమర్చారు. 2000 జూన్‌లో అదే ప్రాంతం దాదాపు అంతే బలంతో మళ్ళీ కంపించింది. గోపురానికి ఏ హానీ కలుగలేదు. 1997 భూకంపంలో దెబ్బతిన్న అస్సిసీ పట్టణపు సెయింట్ ఫ్రాన్సిస్ ఆలయ పునరుద్ధరణలోనూ ఇటువంటి సాధనాలు వాడారు. అమెరికాలోని సియాటిల్‌లో ఒక వంతెన స్తంభాలలో ఉక్కుకు బదులు నిటినాల్ కడ్డీలు కొన్నింటిని వేసి 2017లో పూర్తి చేశారు. భూకంపం మనకు హఠాత్తుగా తోచినా, తూటా తాకిడితో పోలిస్తే అది ఎంతో నెమ్మదైన క్రియ. నేల ఒకసారి ఊగి రావడానికి సెకను వంతులు పడుతుంది. ఆ వ్యవధిలో లోహం మారగలదు, తిరిగి రాగలదు. వేడి మాత్రం కొంత నిలిచిపోతుంది. సాధనాలు రూపొందించేవారు ఆ నిలిచిన వేడిని లెక్కలోకి తీసుకోవాలి.

బ్యూలర్ బృందమే చేసి, పనిముట్టుకు లొంగనంత కఠినంగా ఉన్నదని ప్రక్కన పెట్టిన ఒక మిశ్రమాన్ని గూర్చి కూడ చెప్పాలి. అందులో బరువు లెక్కన 60 శాతం నికెల్. ఈ శతాబ్ది మొదటి దశకంలో నాసా వారి గ్లెన్ పరిశోధన కేంద్రంలో క్రిస్టఫర్ డెల్లాకోర్టే దానిని మళ్ళీ చేతబట్టి బాల్ బేరింగులు చేయించాడు. రాకెట్టు ఎగిరేటప్పటి కుదుపులకు ఉక్కు బేరింగులోని గోళీలు తమ గాడిలో కంటికి కనిపించని సొట్టలు వేస్తాయి. ఆ తరువాత అది సాఫీగా తిరగదు. ఈ మిశ్రమం ఉక్కంత కఠినమే గాని దాని స్థితిస్థాపక గుణకం ఉక్కులో సుమారు సగమే. అందుచేత గోళీ ఆనిన చోట అది కాస్త విశాలంగా లొంగి, భారాన్ని పంచుకొని, సొట్ట పడకుండ లేస్తుంది. తుప్పు కూడ పట్టదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాముల మూత్రం నుండి మంచినీరు తీసే యంత్రానికి ఇటువంటి బేరింగులు తయారయ్యాయి. 1950ల చివర క్షిపణి ముక్కు కొరకు సుత్తి దెబ్బలు తిన్న మిశ్రమాలలో ఒకదానికి రాకెట్టు కుదుపులలో ఉద్యోగం దొరకడానికి యాభై ఏండ్లు పట్టింది.